పక్షుల దూరం కొలిచిన పండితుడు: సలీం అలీ

నెల్లూరు తీరంలో నివసించే మనం విమానం ఎక్కదలిస్తే చెన్నైకో, రేణిగుంటకో పోవలసిందే. మన ప్రాంతానికి ఒక విమానాశ్రయం రావాలన్న మాట చాలకాలంగా వినబడుతున్నది. ఐతే ఈ తీరానికి తరతరాల నాటి విమానాశ్రయం ఒకటి ఉన్నదనీ, దూరదేశాల నుండి వేలకొలది ప్రయాణికులు ఏటేటా అక్కడ దిగుతున్నారనీ చెబితే పరిహాసమని అనుకోరాదు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకొని సాగుతుంది. శీతకాలంలో ఒక ఉదయం అటకానితిప్ప దగ్గర ఆగి చూచినవారికి మోకాటిలోతు నీటిలో గులాబి వన్నె చారలు కనబడతాయి. కొంతసేపు చూస్తే ఆ చారలు మెల్లగా కదులుతాయి. అవి రాజహంసలు. ఫ్లెమింగోలని ఇప్పుడు అందరూ పిలుస్తున్నది వాటినే. వాటి చుట్టూ బాతులు, ఉల్లంకులు, పేరు తెలియని పొడుగుకాళ్ల పిట్టలు లెక్కకు అందవు. అక్కడికి దగ్గరలోనే ఉన్న నేలపట్టు చెరువులో, నీట నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను సాకుతుంటాయి. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని నేలపట్టు రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు.

2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. పక్షులకు ఆ సంగతి తెలియదు. మన పెద్దలకు కూడ అది ఇంకా నెల్లూరు తీరమే.

వేనాడు దర్గాకు పోయే యాత్రికులు గాని, శ్రీహరికోటలో పనికి పోయే ఉద్యోగులు గాని ఈ పక్షులను చూచి అడిగే ప్రశ్నలు రెండే. ఇవి ఎక్కడి నుండి వచ్చాయి? ఎన్నాళ్లు ఎగిరి వచ్చాయి? రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంతో, ప్రయాణకాలమెంతో తెలుసుకోవడానికి శ్రమ లేదు. భూగోళం మీద దారం పట్టి కొలిస్తే దూరం తెలుస్తుంది, కాలపట్టిక చూస్తే సమయం తెలుస్తుంది. పక్షికి కాలపట్టిక లేదు. బయలుదేరిన చోటు అది చెప్పదు. మన దేశంలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం కొరకు ఒక జీవితకాలం వెచ్చించిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ. ఆయన జీవితం చాలవరకు నేల మీది జీవితమే: కాలినడక, ఎడ్లబండి, డేరా, మోటారు సైకిలు. ఐనా ఆకాశ మార్గాలను గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆయన పెట్టిన భిక్ష.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. మొయిజుద్దీన్, జీనతున్నిసా దంపతుల సంతానంలో ఆయన కడపటివాడు. ఏడాది నిండగానే తండ్రి, మూడేళ్లకు తల్లి గతించారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఈ తల్లిదండ్రులు లేని పిల్లలను ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచారు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ తయ్యబ్జీ ఆ వంశంవారే. ఇల్లు పెద్దది, బంధువులు ప్రసిద్ధులు. పిల్లవాడు మాత్రం చదువులో వెనుకబడినవాడు, తరచు తలనొప్పితో బాధపడేవాడు.

మేనమామ వేటగాడు. పిల్లవానికి ఒక గాలితుపాకి దొరికింది. పదేళ్ల ప్రాయంలో ఆ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసికొని చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ. ఇంటి పిచ్చుకకు అటువంటి మచ్చ ఉండదు. ఇదేమి పిట్ట అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డుకు ఉత్తరం రాసి పిల్లవాణ్ణి పంపాడు. 1883లో స్థాపించబడిన ఆ సంస్థలో అప్పుడు అధికారులంతా తెల్లవారే. చచ్చిన పిచ్చుకను కాగితంలో చుట్టుకొని గుమ్మంలో భయపడుతూ నిలబడిన ఆ బాలుణ్ణి మిల్లార్డు ఆదరించి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, సొరుగులు తెరిచి వందల పక్షుల చర్మాలను చూపించాడు. ఆ ఒక్క మధ్యాహ్నం సలీం అలీ జీవితాన్ని నిర్ణయించిందని చెప్పవచ్చు.

ఐతే దారి వెంటనే తెరుచుకోలేదు. 1913లో మెట్రిక్యులేషను ఎట్లాగో గట్టెక్కారు. సెయింట్ జేవియర్ కళాశాలలో చేరి, లెక్కలకు తట్టుకోలేక మధ్యలోనే వదిలి బర్మా వెళ్లారు. తవాయ్ ప్రాంతంలో కుటుంబానికి గనుల పని, కలప వ్యాపారం ఉండేవి. వ్యాపారం కంటె ఆ అడవుల పక్షులే ఆయనకు ఎక్కువ పట్టుబడ్డాయి. 1917లో తిరిగి వచ్చి ఒకవైపు వాణిజ్య కళాశాలలో పద్దులు, వాణిజ్య చట్టం నేర్చుకుంటూ, మరొకవైపు ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో సెయింట్ జేవియర్‌లో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మినా బేగంతో వివాహం జరిగింది. డిగ్రీ మాత్రం రాలేదు. ఆ లోటు వలననే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షిశాస్త్రజ్ఞుని పదవి ఆయనకు దక్కలేదు. తరువాతి కాలంలో మూడు విశ్వవిద్యాలయాలు ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చాయి. వాటిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి, 1978లో. డిగ్రీ లేనందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవారికి డిగ్రీలు వెదుక్కుంటూ రావడం చూస్తే ముచ్చట వేస్తుంది గాని, ఆ నడుమ గడచిన అర్ధశతాబ్దం తేలికైనది కాదు.

1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరరుగా చేరారు. జీతం నెలకు 350 రూపాయలు. రెండేళ్ల తరువాత సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ఆచార్య ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద పక్షిశాస్త్రం అభ్యసించారు. ఆ ప్రవాసంలోనే ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అనే చిన్న ద్వీపానికి పోయి, అక్కడి పక్షి పరిశోధన కేంద్రంలో పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పని నేర్చుకున్నారు. మన కథకు ఈ ఉంగరమే ముఖ్యం గనుక దానిని గురించి కొంత చెప్పాలి.

శీతకాలం రాగానే మాయమయ్యే పక్షులు ఎక్కడికి పోతాయో పూర్వం ఐరోపాలో ఎవరికీ తెలియదు. వానకోవెలలు చెరువుల అడుగున బురదలో నిద్రపోతాయని చదువుకున్నవారు కూడ నమ్మేవారు. 1822లో జర్మనీలో ఒక తెల్లకొంగ దొరికింది. దాని మెడలో గుచ్చుకొని ఉన్న బాణం ఆఫ్రికాలో తయారైనది. బాణంతోనే అంత దూరం ఎగిరి వచ్చిన ఆ కొంగ చెప్పిన సాక్ష్యం వేయి ఊహలను కొట్టివేసింది. ఐతే ప్రతి పక్షికీ బాణం గుచ్చుకోదు గదా! 1899లో డెన్మార్కులోని వీబోర్ పట్టణంలో మార్టెన్‌సెన్ అనే బడిపంతులు అల్యూమినియం రేకుతో చిన్న ఉంగరాలు చేసి, వాటి మీద అంకె, చిరునామా చెక్కి, గోరువంకల జాతి పిట్టల కాళ్లకు తొడిగి వదిలాడు. ఆ పక్షి మరొక దేశంలో ఎవరి చేతికైనా చిక్కితే, వారు ఆ చిరునామాకు ఒక ఉత్తరం ముక్క రాస్తే చాలు. బయలుదేరిన చోటు, తేదీ ఇక్కడి పుస్తకంలో ఉంటాయి; చేరిన చోటు, తేదీ ఆ ఉత్తరంలో ఉంటాయి. రెండింటినీ కలిపితే దూరమూ తెలుస్తుంది, ప్రయాణకాలానికి ఒక హద్దూ తెలుస్తుంది. ఇంతకంటె చౌకైన పరికరం విజ్ఞానశాస్త్రంలో మరొకటి ఉన్నదా అని సందేహం. కాని ఇది పూర్తిగా అపరిచితుల దయ మీద ఆధారపడిన శాస్త్రం. చిన్న పిట్టలకు నూరు ఉంగరాలు తొడిగితే ఒక్క ఉత్తరం కూడ రాకపోవచ్చు.

1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో డబ్బు లేదని ఆయన ఉద్యోగమే తీసివేశారు. బెర్లిన్‌లో పెద్ద పండితుల వద్ద చదివి వచ్చిన మనిషి, ముప్పది మూడేళ్ల వయస్సులో, ఇంటిలో కూర్చోవలసి వచ్చింది. భార్యాభర్తలు ఖర్చు తగ్గించుకోవడానికి బొంబాయికి ఎదురుగా సముద్రతీరాన ఉన్న కిహీం గ్రామానికి మారారు. అక్కడ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. నెలల తరబడి వాటిని చూస్తూ కూర్చొని, మగ గిజిగాడు సగం గూడు కట్టి ఆడపిట్టకు చూపుతుందనీ, అది మెచ్చిన తరువాతనే పూర్తి చేస్తుందనీ, అటుపిమ్మట మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపిట్టను పిలుస్తుందనీ గ్రహించి వ్యాసం రాశారు. నిరుద్యోగంలో రాసిన ఆ వ్యాసమే ఆయనకు పేరు తెచ్చింది.

ఆ పిమ్మట ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. స్వదేశీ సంస్థానాలలో పక్షులను గురించి క్రమమైన సర్వే ఎవరూ చేయలేదు. జీతం వద్దు, బండి కూలీ, డేరా ఖర్చు ఇస్తే చాలు, సర్వే చేసి ఇస్తానని సంస్థానాలకు ప్రతిపాదించారు. మొదట ముందుకు వచ్చినది హైదరాబాదు. 1931లో సలీం అలీ, తెహ్మినా బేగం నిజాం రాజ్యపు అడవులలో అడుగుపెట్టారు. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి మీద, మన్ననూరు, ఫరహాబాద్ ప్రాంతాలలో డేరాలు వేసుకొని పని చేశారు. తెలుగు నేల మీద ఆయన చేసిన ఆ తొలి సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. తరువాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియరు, ఇందూరు, భోపాలు సంస్థానాలు వరుసగా పిలిచాయి. డేరాలో వంట, లెక్క, ఉత్తరం అన్నిటా భార్య తోడుగా ఉండేవారు. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత రక్తం విషపూరితమై ఆమె మరణించారు. సంతానం లేదు. ఆయన మరల వివాహం చేసుకోలేదు. బొంబాయిలో అక్క కమ్మూ, బావ హసన్ అలీల ఇంట చేరారు. రెండేళ్ల తరువాత, 1941లో, భారతదేశపు పక్షులను గురించి రంగు బొమ్మలతో ఆయన రాసిన పుస్తకం వెలువడింది. ఆ పుస్తకం చేతబట్టుకొని పిట్టలను గుర్తుపట్టడం నేర్చుకున్నవారు ఈ దేశంలో మూడు తరాలవారున్నారు.

1945 సంవత్సరం ఆయన జీవితంలోనే గాక మన పులికాట్ కథలో కూడ ముఖ్యమైనది. కచ్ మహారావుల ఏలుబడిలో ఉన్న పెద్ద రాన్‌లో, ఉప్పు బురద మధ్య, ఫ్లెమింగోలు గుడ్లు పెట్టి పిల్లలను చేసే స్థలం ఒకటి ఉన్నదని విని, ఆ వేసవిలో అక్కడికి చేరుకున్నారు. బురదను చిన్న గంపల వలె పోగుచేసి కట్టిన గూళ్లు కనుచూపు మేర వరకు ఉన్నాయి. దానిని ఫ్లెమింగో నగరం అని పిలిచేవారు. అక్కడ సుమారు అయిదు లక్షల పక్షులున్నవని ఆయన అంచనా కట్టారు. మన తీరానికి వచ్చే రాజహంసల పుట్టినిల్లు ఆ నగరమేనని అప్పటి నుండి పండితుల ఊహ.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయవచ్చు. పటం మీద పెద్ద రాన్ నుండి పులికాట్‌కు గీత గీస్తే సుమారు 1,600 కిలోమీటర్లు వస్తుంది. జెట్ విమానానికి అది రెండు గంటల పని. రాజహంస గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. అంటే రెక్క ఆడించకుండా ఉన్న సమయాన్ని వదిలివేస్తే ముప్పది గంటలు. అవి ఎక్కువగా రాత్రిపూటనే ప్రయాణం చేస్తాయి గనుక, ఒక రాత్రికి అయిదారు వందల కిలోమీటర్ల వంతున మూడు రాత్రుల మజిలీ అవుతుంది. సాయంత్రం కచ్‌లో లేచిన గుంపు నాలుగవ నాటి తెల్లవారుజామున అటకానితిప్ప దగ్గర దిగవచ్చు. కాని ఇదంతా స్కేలుబద్ద మీది లెక్క. ఈ లెక్కకూ నిజానికీ మధ్య ఉన్న దూరమే సలీం అలీని జీవితాంతం వెంటాడింది. అవి నేరుగా వచ్చాయా, దారిలో ఏ చెరువున నెల రోజులు ఆగాయా, అసలు కచ్ నుండి వచ్చినవేనా అన్నది స్కేలుబద్ద చెప్పదు. ఫలానా పక్షి ఫలానా చోట ఉండినదని గుర్తుపట్టగల గుర్తు కావాలి.

అదే సంవత్సరం ఆయన కైలాస మానససరోవరాలకు కూడ వెళ్లారు. అది తీర్థయాత్ర కాదు, పక్షుల యాత్ర. శీతకాలంలో మన చెరువులలో కనబడే పట్టెతల బాతులు గుడ్లు పెట్టేది ఆ ఎత్తైన సరస్సుల గట్టులనే. హిమాలయాలకు ఇటువైపు వాటి శీతకాలపు విడిదిని చూచిన మనిషి అటువైపు వాటి ఇంటిని చూడడానికి నడిచి పోయారన్న మాట.

ప్రయాణాల ప్రస్తావన వచ్చింది గనుక ఆయన మోటారు సైకిలు మోజును చెప్పక పోరాదు. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలా నగరంలో ప్రపంచ పక్షిశాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. సలీం అలీ తన సన్‌బీమ్ మోటారు సైకిలును ఓడ మీద బొంబాయి నుండి పంపించి, ఐరోపా అంతా దాని మీద తిరిగి, దారిలో ఒకటి రెండుసార్లు పడి దెబ్బలు తగిలించుకొని, సామాను కట్టిన బండితోనే సరిగా సభ మొదలయ్యే వేళకు ఉప్సాలా చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు యాబది మూడు. ఈయన ఇండియా నుండి ఉప్సాలా వరకు బండి మీదనే వచ్చాడని సభలో ఒక వార్త పుట్టింది. దూరం గురించిన పుకార్లు ఎంత సులభంగా పుడతాయో ఆ రోజున ఆయనకు స్వయంగా తెలిసి ఉంటుంది.

ఉంగరాల పని మన దేశంలో 1920ల చివరలోనే ధార్ సంస్థానంలో బాతులతో చిన్నగా మొదలైంది. దానిని పెద్దయెత్తున సాగించే అవకాశం మాత్రం ఒక రోగం వలన వచ్చింది. 1957లో మైసూరు రాష్ట్రంలో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోసాగాయి. అడవికి పోయిన మనుషులకు కూడ తీవ్రమైన జ్వరం సోకింది. ఆ జ్వరానికి కారణమైన వైరస్ గోమారి వంటి చిన్న పురుగుల ద్వారా వ్యాపిస్తుందనీ, సైబీరియాలోని ఒక జ్వరపు వైరస్‌కు అది దగ్గరి చుట్టమనీ తేలింది. సైబీరియా ఎక్కడ, షిమోగా ఎక్కడ? ఏటేటా వలస వచ్చే పక్షుల రెక్కలలో ఆ పురుగులు ప్రయాణం చేసి వచ్చాయేమోనని అనుమానం కలిగింది. అది తేలాలంటే ఏ పక్షి ఎక్కడి నుండి వస్తున్నదో ముందు తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో సలీం అలీ ఆధ్వర్యంలో సొసైటీ ఈ పని చేపట్టింది.

పక్షులను పట్టడానికి బీహారు నుండి మీర్‌షికారులను పిలిపించారు. తాతముత్తాతల నాటి నుండి పిట్టలను పట్టి అమ్ముకొని జీవించినవారు వారు. పక్షి ఈక కూడ చెదరకుండా పట్టే విద్య వారిది. ఆ విద్య ఇప్పుడు శాస్త్రానికి పనికి వచ్చింది. కంటికి కనబడని సన్నని వలలో పడ్డ పిట్టను చేతిలోకి తీసికొని, రెక్క కొలిచి, తూకం వేసి, కాలికి ఉంగరం తొడిగి, అంకెను పుస్తకంలో రాసికొని, చేయి విప్పితే అది ఎగిరిపోతుంది. అటుపైన ఎదురుచూడడమే పని. భరత్‌పూరులోను, తక్కిన చోట్లను వేలాది పక్షులకు ఉంగరాలు పడ్డాయి. తరువాత మధ్య ఆసియా నుండి, సైబీరియా నుండి ఉత్తరాలు రాసాగాయి. సైబీరియా సరస్సులలో వేటగాడు కొట్టిన బాతు కాలికి బొంబాయి చిరునామా! ఆ ప్రాంతపు సరస్సుల నుండి మన పులికాట్‌కు ఉత్తర దక్షిణంగా గీత గీస్తే దాదాపు 4,600 కిలోమీటర్లు. జెట్ విమానం ఆగకుండా పోగలిగితే అయిదున్నర గంటలు. గంటకు 70 కిలోమీటర్లు ఎగిరే బాతుకు అరవై అయిదారు గంటల రెక్కల కష్టం. మజిలీలతో కలిపితే వారాలు. కోతుల జ్వరాన్ని పక్షులే తెచ్చాయనడానికి మాత్రం సాక్ష్యం దొరకలేదు. అనుమానంతో మొదలైన పని పక్షులను నిర్దోషులుగా తేల్చి, వాటి దారులను మనకు తెలియజెప్పింది.

పక్షులు నిర్దోషులైనా వాటిని చదివినవారి మీద నింద పడింది. ఈ పరిశోధనకు అమెరికా నుండి కూడ ధనం వచ్చింది. 1970లలో, ఇది పక్షుల ద్వారా రోగాలను వ్యాపింపజేసే యుద్ధవిద్యకు తోడ్పడే పని కాదు గదా అని పత్రికలలోను, పార్లమెంటులోను ప్రశ్నలు లేచాయి. ప్రశ్న అడగడం తప్పని ఈ వ్యాసకర్త అనుకోవడం లేదు. పరాయి దేశపు సైన్యం సొమ్ము ఎందుకు ఇస్తున్నదో తెలుసుకొనే హక్కు ప్రజలకున్నది. ఐతే పిచ్చుక బరువంత లాభం కూడ తనకు ఆశించని వృద్ధునికి ఆ మాటలు ఎంత బాధ కలిగించి ఉంటాయో కూడ మనం ఊహించాలి. తనకు వచ్చిన గెట్టీ బహుమతి సొమ్మును సైతం ఆయన సొసైటీ పనికే ఇచ్చివేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నిధులు లేక సొసైటీ మూతపడే స్థితి వస్తే నెహ్రూకు విన్నవించి నిలబెట్టినవారు ఆయనే. భరత్‌పూరు చిత్తడి నేలను పొలాలుగా మార్చకుండా కాపాడినవారిలోను ఆయన ముఖ్యులు.

డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల పక్షి గ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. ఆ 1976లోనే మన పులికాట్, నేలపట్టు రెండూ పక్షి సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించబడ్డాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడు ఆత్మకథ ప్రచురించారు. దానికి పెట్టిన పేరు ఒక పిచ్చుక రాలడాన్ని గురించినదే. పసుపు గొంతు పిచ్చుకను ఆయన మరువలేదు.

నెల్లూరుకు ఈ శాస్త్రంలో ఒక పాత బంధుత్వం కూడ ఉన్నది. 1840లలో ఇక్కడ ప్రభుత్వ వైద్యుడుగా ఉండిన టి.సి. జెర్డాన్ దక్షిణదేశపు పక్షులను గురించి మొదట పెద్ద గ్రంథాలు రాసినవారిలో ఒకడు. ఆయన పేరు పెట్టిన ఒక పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో, సలీం అలీ బతికి ఉండగానే, సొసైటీ పరిశోధకులు కడప జిల్లా లంకమల పొదలలో స్థానికుల సాయంతో దానిని మరల కనుగొన్నారు. స్థానికులు దానిని కలివికోడి అంటారు. వేల మైళ్లు ఎగిరే పక్షులను వెదికినవారికి, పుట్టిన పొదను వదలని ఈ రాత్రి పిట్ట ఎనబై ఆరేళ్లు చిక్కకపోవడం వింతే. 1987 జూన్ 20వ తేదీన, తొంబై ఏళ్ల వయస్సులో, సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన ఉంగరంతో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు ఆకాశం నుండి సమాధానం వస్తున్నది. కొన్ని గ్రాముల బరువున్న పరికరాన్ని పక్షి వీపున కట్టితే ఉపగ్రహం దాని దారిని గంట గంటకు చెబుతుంది. 2022 అక్టోబరులో అయిదు నెలల వయస్సున్న ఒక గాడ్విట్ పక్షి అలాస్కాలో లేచి, ఎక్కడా దిగకుండా, 11 రోజులలో 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో వాలింది. దాని దాయాదులైన నల్లతోక గాడ్విట్‌లు శీతకాలంలో మన పులికాట్ బురదలో ముక్కులు గుచ్చి పురుగులను ఏరుకుంటుంటాయి. ఉపగ్రహాలు లేచే శ్రీహరికోట ఆ బురదకు ఆవలి గట్టు. ఆ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీష్ ధావన్ కూడ పక్షులు ఎగిరే తీరు గురించి పుస్తకం రాసినవారే.

ఐనా ఉంగరాల పని ఆగలేదు. ప్రతి పిట్టకూ పరికరం కట్టడానికి సొమ్ము చాలదు. చిన్న పిట్ట ఆ బరువు మోయలేదు. కావున ఇప్పటికీ అపరిచితుని ఉత్తరం కొరకు ఎదురుచూచే శాస్త్రం సాగుతూనే ఉన్నది. భీములవారిపాళెం పడవల రేవులో గాని, నేలపట్టు కట్ట మీద గాని, ఉప్పు కయ్యల గట్టున గాని చచ్చిన పిట్ట కాలికి ఒక అల్యూమినియం ఉంగరం కనబడితే మన విద్యార్థులు దానిని ఆటవస్తువుగా పారవేయవద్దు. దాని మీది అంకెను, దొరికిన చోటును, తేదీని రాసి ముంబయిలోని సొసైటీకి, హార్న్‌బిల్ హౌస్ చిరునామాకు పంపాలి. ఆ పిట్టకు ఉంగరం తొడిగిన ఊరి పేరు, తొడిగిన రోజు తిరుగు టపాలో వస్తాయి.